తోడమ్మ తెచ్చిన సర్టిఫికెట్

“మూత నిండా పోశావా?” అంటూ అత్తగారు స్నానాలగది తలుపు మీద రెండు దెబ్బలు వేసింది.

“పోశానత్తయ్యా.”

“పైపైన కాదు, లోపలిదాకా కడుక్కో. కడిగితే కడిగినట్టుండాలి.”

మగ్గులో తెల్లగా విరిసిన మందునీళ్ళకేసి ఒకసారి చూసి, పళ్ళు బిగబట్టి, కోడలు చెప్పినట్టే చేసింది. భగ్గుమంది. గోడకి చెయ్యి ఆనించి మంట తగ్గేదాకా కళ్ళు మూసుకుని నిలబడింది. ఆరేళ్ళుగా ఆ ఇంట్లో ఆవిడకి పొద్దు పొడిచేది ఇలాగే. ఈ మంట అయ్యాకే పొయ్యి వెలిగించాలి, ఇద్దరు పిల్లలకి డబ్బాలు కట్టాలి, అత్తగారి మాత్రలు తీసి చేతికివ్వాలి, మొగుడి గ్రీజు మరకల యూనిఫాం చేత్తో రుద్ది ఆరెయ్యాలి, పరుగున పోయి బస్సెక్కాలి. బస్సులో సీటు దొరికినా కూర్చోదు. ఎందుకు కూర్చోవని ఎవరైనా అడిగితే “నడుం పట్టేసింది” అంటుంది. పాపం, ఆడవాళ్ళ నడుం ఎన్ని నేరాలు మోస్తుందో.

అత్తగారిని ఆడిపోసుకోవడం తేలిక. కాని ఆవిడ కథ ఆవిడకుంది. ఆపరేషన్ థియేటర్లో ముప్పై ఏళ్ళు ఆయాగా చేసి రిటైరైన మనిషి. నెత్తురు పడిన బల్లలూ గచ్చులూ ఆ మందునీళ్ళతోనే కడిగి కడిగి, లోకంలో వస్తువులు రెండే రకాలని తేల్చేసుకుంది. మందునీళ్ళు తగిలినవి, తగలనివి. కోడలి రెండో కాన్పప్పుడు రెండు నెలలు మంచం దిగనివ్వకుండా చేసింది ఆవిడే, పసిదాని గుడ్డలు ఉతికిందీ ఆవిడే. ఆ రోజుల్లో కోడలు మొహమాటపడుతూ “తెల్లబట్ట అవుతోందత్తయ్యా” అంటే, “లోపల శుభ్రం లేకపోతే అంతేనమ్మా” అని తన అలమరలోంచి సీసా తీసి చేతిలో పెట్టింది. ప్రేమగానే పెట్టింది. చిక్కంతా అక్కడే వచ్చింది. పగతో ఇచ్చినదాన్ని పారెయ్యొచ్చు, ప్రేమతో ఇచ్చినదాన్ని ఎలా పారేస్తాం?

తెల్లబట్ట తగ్గలేదు సరికదా, పల్చగా బూడిదరంగులోకి తిరిగింది. దురద మొదలైంది. తర్వాత వాసన. రెండేళ్ళ కిందట ఒకరోజు మొగుడు పక్కన పడుకున్నవాడల్లా లేచి కూర్చుని, “ఏంటే ఇది, చేపలబుట్ట పక్కన పడుకున్నట్టుంది!” అని దిండు చంకన పెట్టుకుని హాల్లోకి పోయాడు. లిఫ్టులు బాగుచేసే పని ఆయనది. పది అంతస్తుల మధ్య ఇరుక్కుపోయినవాళ్ళని బయటికి తీసి, భయపడకండమ్మా అని నీళ్ళు తాగించి మరీ పంపిస్తాడట, వీధంతా చెప్పుకుంటారు. చెడ్డవాడు కాదు. మొగుడు చెడ్డవాడు కాదని చెప్పడానికి మనదగ్గర ఎప్పుడూ నాలుగు ఉదాహరణలు సిద్ధంగా ఉంటాయి కదా, ఈవిడ దగ్గరా ఉన్నాయి. అయితే ఆ చేపలబుట్ట మాట మాత్రం చెవిలో జోరీగలా తిరుగుతూనే ఉంది. మర్నాటి నుంచి ఒక మూత రెండు మూతలైంది. మంట రెండింతలైంది. ఆయనకి మనసైనప్పుడు హాల్లోంచి వచ్చేవాడు, మొహం పక్కకి తిప్పుకుని ఉండేవాడు, పని కాగానే వెళ్ళిపోయేవాడు. నొప్పిగా ఉందని చెప్పడానికి కూడా ఈవిడకి నోరు రాలేదు. వాసన ఉన్నదానికి నొప్పి కూడానా అనుకుంటాడేమోనని.

ఓసారి ధైర్యం చేసి మందులషాపుకి వెళ్ళింది. కౌంటర్లో ఉన్నాయన “ఎక్కడమ్మా దురద?” అనేసరికి నాలుక తడబడి “కాలివేళ్ళ సందుల్లో” అంది. ఆయన కాలివేళ్ళకి తగ్గ క్రీమే ఇచ్చాడు. ఆయన తప్పేముంది? మూడు ట్యూబులు అయిపోయాయి, దురద అలాగే ఉంది. నవ్వొస్తోందా? రాసుకున్నావిడకి ఏడుపే వచ్చింది.

ఇంటిగడప దాటితే మాత్రం ఈవిడ లెక్కే వేరు. పాల ఫ్యాక్టరీలో ‘తోడు గది’ అని ఒకటుంది. గోడలు తెల్లగా, గాలి వడకట్టి వదిలే గది. పెద్ద ట్యాంకుల్లో వేలకొద్దీ లీటర్ల పాలు పెరుగవ్వాలంటే, ముందు ఈ గదిలో మంచి క్రిముల్ని పెంచి, తోడు తయారుచేసి పంపాలి. పదకొండేళ్ళుగా ఆ గది ఈవిడదే. లారీ డ్రైవర్ల దగ్గర్నుంచి ల్యాబులో పిల్లలదాకా అందరూ ‘తోడమ్మ’ అనే పిలుస్తారు, అసలు పేరు జీతం చీటీ మీద తప్ప ఎక్కడా కనపడదు. పాలు వేడిగా ఉన్నాయో చల్లారాయో తొట్టి మీద అరచెయ్యి పెట్టి చెప్పగలదు. పులుపు చూసే కాగితపు పట్టీని పెరుగులో ముంచి, రంగు మారగానే అంకె చూడకుండానే “నాలుగున్నరకి వచ్చింది, ఇంక చల్లబరచండి” అని కేకేస్తుంది. సబ్బు వాసనతో ఎవరైనా గడప దగ్గరికొచ్చారా, అయిపోయారే. “అవి ప్రాణమున్నవి నాయనా! మందు తగిలితే చస్తాయి. ముందా చేతులు మంచినీళ్ళతో కడుక్కురా పో!” అని తరిమేది. అక్కడ నిలబడ్డంతసేపూ ఆవిడ మనిషి. తల ఎత్తుకుని ఉండేది. ఒక్కోసారి దురద కూడా మర్చిపోయేది.

అలాంటి గదికే ముప్పు వచ్చింది. ఒక సోమవారం రెండో ట్యాంకు తోడుకోలేదు. ఎనిమిది గంటలు గడిచినా పాలు పాలుగానే ఉన్నాయి. బుధవారం ఒకటో ట్యాంకు. రెండు ట్యాంకుల పాలూ కాలవపాలు. పదకొండేళ్ళలో ఎన్నడూ లేదు. తోడమ్మ తోడు తీసి చూసింది, బాగానే ఉంది. పాలు చూసింది, బాగానే ఉన్నాయి.

ప్యాకింగ్ హాల్లో నలభైమంది ఆడవాళ్ళ మీద ఒక పెద్దావిడ ఉంది, గొంతు వల్ల ‘మైకక్క’ అని పేరు. రహస్యం చెప్పినా మూడు మిషన్ల అవతలికి వినపడుతుంది. ఆవిడ ఒకనాడు లావెట్రీలో తోడమ్మ గోడ పట్టుకుని కన్నీళ్ళు తుడుచుకోవడం చూసింది. వాసనా పసిగట్టింది. ఇంకేముంది? “ఒంట్లో అలాంటి రోగం పెట్టుకుని తోడు ముట్టుకుంటే పాలు తోడుకుంటాయా మీ మొహం!” అంది. రహస్యంగానే అంది. మధ్యాహ్నానికి ఆఫీసరు దాకా పోయింది.

ఆఫీసరు గదిలోకి పిలిచి అడిగినా పోయేది. ప్యాకింగ్ హాలు మధ్యకొచ్చి, నలభైమంది ముందు, మొహం చిట్లించుకుని అన్నాడు: “చూడమ్మా, ఏవో ఆడాళ్ళ రోగాలున్నాయంటున్నారు. ఇది తినే వస్తువు. ఒంట్లో శుభ్రంగా ఉన్నట్టు డాక్టరు సర్టిఫికెట్ తెచ్చుకో. అందాకా తోడు గదిలో కాలు పెట్టకు. క్రేట్లు కడుగు.”

తోడమ్మ మొహం నల్లబడిపోయింది. నలభైమందిలో ఒక్కరూ తలెత్తలేదు, అందరూ పాకెట్లే చూస్తున్నారు, పాకెట్ల మీద ఏదో రాసున్నట్టు. గోరుచుట్టు మీద రోకలిపోటంటే ఇదే. రెండు రోజులు తడిగచ్చు మీద నిలబడి క్రేట్లు కడిగింది. నడుం నుంచి కిందిదాకా నానిపోయిన బట్టల్లో ఆ దురద నరకమైంది. ఇంట్లో వాసనంటారు, బయట రోగమంటారు. ఇంట్లో మాట పడింది, మొగుడే కదా అనుకుంది. తోడు గది పోతే మాత్రం తనకంటూ మిగిలేదేముంది? ఇల్లు ఆయనది, వంటగది అత్తగారిది, పిల్లలు అందరివాళ్ళు. ప్రపంచం మొత్తంమీద ‘ఇది నాది’ అని తలుపు వేసుకోగలిగింది ఆ ఒక్క గదే. సర్టిఫికెట్ తేవాలి. అందుకోసమైనా డాక్టరు దగ్గర ఆ మాట బయటపెట్టాలి. శుక్రవారం సెలవు పెట్టింది.

డాక్టరమ్మ జుట్టు నెరిసిన మనిషి, మాట కత్తిరించినట్టు ఉంటుంది. “ఏంటమ్మా ఇబ్బంది?”

“కింద… అక్కడ… కొంచెం…”

“అక్కడంటే ఎక్కడమ్మా? బస్టాండులోనా?” అని డాక్టరమ్మ కళ్ళజోడు పైనుంచి చూసింది. “యోని అంటారు దాన్ని. నీకూ ఉంది, నాకూ ఉంది. ముక్కుని ముక్కంటాం, దీన్ని ‘అక్కడ’ అంటే మందు ఎక్కడ రాయను?”

అంతే, ఆరేళ్ళది ఒక్కసారి బయటపడింది. మూతలూ, మంటా, బూడిదరంగూ, కాలివేళ్ళ క్రీమూ, చివరికి చేపలబుట్ట కూడా. డాక్టరమ్మ నవ్వలేదు, ఛీ అనలేదు. బల్ల మీద పడుకోబెట్టి, చెప్పి మరీ పరీక్ష చేసింది. “ఇప్పుడు చల్లగా తగులుతుంది… ఊపిరి వదులు… నొప్పైతే చెప్పు, ఆపేస్తాను.” నొప్పైతే ఆపేస్తానని ఇంతకాలంలో తనతో అన్న మొదటి మనిషి ఈవిడేనని తోడమ్మకి అనిపించింది. పుల్లకి చుట్టిన దూదితో లోపలి తడి కొంచెం తీసి, డాక్టరమ్మ ఒక కాగితపు పట్టీకి అద్దింది.

తోడమ్మ బల్ల మీద నుంచే మెడ చాపింది. “ఐదున్నర,” అంది.

డాక్టరమ్మ చెయ్యి ఆగిపోయింది. “నీకెలా తెలుసు?”

“రోజూ చూసే రంగేనండీ. పాల ఫ్యాక్టరీలో తోడు గది నాది. పెరుగైతే నాలుగున్నరకి రావాలి.”

“ఇదీ అంతేనమ్మా!” డాక్టరమ్మ కుర్చీ లాక్కుని దగ్గరగా కూర్చుంది. “నాలుగున్నర లోపే ఉండాలి. లోపల పులుపుండాలి. ఆ పులుపుని తయారుచేసేవి మంచి క్రిములు. లాక్టోబాసిల్లస్ అని…”

“నాకు తెలుసండీ. వాటినే నేను పెంచేది. కర్రపుల్లల్లా ఉంటాయి.”

“అయితే ఇలా రా.” ఒక గాజుపలక మీద ఆ తడి పెట్టి మైక్రోస్కోపు కింద ఉంచి, డాక్టరమ్మ పక్కకి జరిగింది. వారం వారం తోడుని చూసే కన్నే కాబట్టి తోడమ్మకి ఎవరూ చెప్పక్కర్లేకపోయింది. కర్రపుల్లలు ఒక్కటీ లేవు. ఏవో ఇసకరేణువుల్లాంటివి గుంపులు గుంపులుగా మూగి ఉన్నాయి.

“ఎక్కడికి పోయాయండీ నావి?”

“నువ్వే చంపావు తల్లీ. రోజుకి రెండు మూతలు.”

తోడమ్మ కన్ను మైక్రోస్కోపు మీంచి తియ్యలేదు. సబ్బు వాసనొస్తే మనిషిని గడప తొక్కనివ్వని తను. మందు తగిలితే చస్తాయని ఊరందరికీ పాఠం చెప్పిన తను. దీపం కిందే చీకటంటే ఇంతకన్నా ఉంటుందా? పదకొండేళ్ళు ఫ్యాక్టరీ ట్యాంకులో ఒక్క చుక్క పడనివ్వలేదు, తన ఒంట్లో మాత్రం సీసాలకి సీసాలు కుమ్మరించింది. ముందు ఏడుపొచ్చింది. తర్వాత, ఏమైందో ఏమో, పకపకా నవ్వొచ్చింది. ఆపుకోలేక చీరచెంగు నోట్లో కుక్కుకుంది. నవ్వులోనే గబుక్కున ఆగిపోయింది. “అయ్యో డాక్టరమ్మా,” అంది. “నా ట్యాంకులకీ ఇదే అయింది!”

అవును మరి. పదిరోజుల కిందట ఫ్యాక్టరీకి కొత్త కడుగుమందు వచ్చింది, నీలం డ్రమ్ముల్లో. పాతదానికన్నా బలమైంది కాబట్టి తర్వాత మూడుసార్లు నీళ్ళు కొట్టక్కర్లేదు, ఒక్కసారి చాలు, టైము కలిసొస్తుందని ఆఫీసరే గోడకి కాగితం అంటించాడు. పాలు బాగున్నాయి, తోడు బాగుంది, అడుగున మిగిలిన మందు మాత్రం ఎవరికీ కనపడలేదు. ట్యాంకు మరీ శుభ్రమైపోయింది. తనలాగే.

డాక్టరమ్మ వారానికి మాత్రలు రాసింది. దీన్ని బ్యాక్టీరియల్ వెజైనోసిస్ అంటారని, ఊళ్ళో ప్రతి వీధిలోనూ ఉన్నదేనని, శుభ్రం లేక వచ్చే రోగం కాదని చెప్పింది. “విరిగిన పాల ముక్కల్లా తెల్లగా పడి దురదపెడితే అది వేరు, దాని మందు వేరు. పచ్చగా నురగొస్తే అది ఇంకోటి. నెల మధ్యలో గుడ్డుసొనలా సాగితే అసలు రోగమే కాదు, ఒంటి ధర్మం. అన్నిటికీ ఒకే క్రీము రాసుకుంటే ఎలా? బయట మామూలు నీళ్ళతో కడుక్కో, చాలు. లోపల దాని పని అది చేసుకుంటుంది. ఆ సీసా మాత్రం గచ్చుకి వాడుకోండి.”

“మరి పెరుగు రాసుకుంటే మంచివి మళ్ళీ…” తోడమ్మ ఆశగా మొదలెట్టింది.

“చంపుతాను! పెరుగు తిను. లోపల ఏమీ పెట్టకు,” అని డాక్టరమ్మ కాగితం ముందుకి లాక్కుంది. “సర్టిఫికెట్ అన్నావు. ఏమని రాయమన్నాడు మీ ఆఫీసరు? ఒంట్లో శుభ్రంగా ఉన్నావనా? ఆయన ఒంటికి ఆయన తెచ్చుకున్నాడా అలాంటిది?” విసురుగా రెండే ముక్కలు రాసింది. ఇది అంటువ్యాధి కాదు. ఈమె తన పని చేసుకోవడానికి ఏ అడ్డూ లేదు.

ఇంటికొచ్చి అత్తగారి ఎదురుగా కూర్చుని తోడమ్మ నెమ్మదిగానే చెప్పింది. అయినా ఆవిడకి ముక్కు మీదే ఉంటుంది కోపం. “ముప్పై ఏళ్ళు థియేటర్లో చేశాను! నాకు తెలీదా శుభ్రమంటే ఏంటో? నిన్ను కూతురిలా చూసుకుని చెప్పానే, నేనా నీకు చెడుపు చేసింది?”

“చెడుపు కాదత్తయ్యా. థియేటర్లో ఆ నీళ్ళెందుకు పోసేవాళ్ళు?”

“క్రిములు చావడానికి.”

“చచ్చాయి. మంచివి కూడా చచ్చాయి. అవి చచ్చాకే చెడ్డవి ఇల్లు కట్టుకున్నాయట.”

అత్తగారు కాసేపు చీరకుచ్చిళ్ళు సర్దుకుంది, కాసేపు కిటికీలోకి చూసింది. “నాకూ మంటేనమ్మాయ్,” అంది చివరికి, గొంతు బాగా తగ్గించి. “ముట్లుడిగినప్పట్నుంచీ. ఒంటికెళ్తే కారం చల్లినట్టుంటుంది. అందుకే నేనూ పోసుకుంటున్నా. మూతలు లెక్కపెట్టడం ఎప్పుడో మానేశా.” ఆరేళ్ళుగా ఒకే గోడకి అటొకరూ ఇటొకరూ ఆనుకుని, ఒకే మంట ఇద్దరూ ఓర్చుకున్నారన్నమాట. కోడలికి గుండె చెరువైంది. “వయసైతే లోపల పొడిబారుతుందట, దానికీ మందుందట. మీరు చెప్పకపోయినా మీరు కూర్చునే తీరు చూసి అడిగొచ్చాను. మంగళవారం మీ పేరు రాయించాను,” అంది. అత్తగారు “ఈ వయసులో నాకెందుకులే” అనలేదు. “ఎన్నింటికి?” అంది.

రాత్రి అన్నాల దగ్గర మొగుడు కంచంలోంచి తలెత్తకుండా “ఏమందట?” అన్నాడు. చెప్పింది, అవయవం పేరుతో సహా. ఆయనకి పొలమారింది. “ఏంటా మాటలు, భోజనాల దగ్గర?”

“మీరు అడిగారు, నేను చెప్పాను.”

“సరే సరే. ఆ వాసన… పోతుందా?”

“వారంలో పోతుందట,” అంది. “మీరన్న మాటకి మాత్రం ఆవిడ మందు రాయలేదు.”

ఆయన కలిపిన ముద్ద కలిపినట్టే ఉండిపోయింది. ఏ మాట అని అడగలేదు. అంటే ఆయనకీ గుర్తుందన్నమాట. “బాగయ్యాక కూడా నేను పిలిస్తేనే రండి. నొప్పంటే ఆగాలి,” అంది తోడమ్మ, కూర గిన్నె దగ్గరికి జరుపుతూ. ఇంత తేలిగ్గా అనగలిగే మాటని ఇన్నాళ్ళూ ఎందుకు మింగిందో ఆవిడకే అర్థం కాలేదు. ఆయన తల ఊపాడు, కంచం తీసుకెళ్ళి తనే సింకులో పెట్టాడు. కడగలేదనుకోండి. పెట్టాడు.

శనివారం పొద్దున్న తోడమ్మ క్రేట్ల దగ్గరికి పోలేదు. నేరుగా ప్యాకింగ్ హాలుకెళ్ళి, బల్ల మీద రెండు సీసాలు పెట్టింది. మరిగించి ఆరబెట్టిన సీసాలు. తన చోట్లో పెట్టిన కొత్తమ్మాయిని పిలిచి ఒకే పాలు, ఒకే తోడు రెండింట్లోనూ పోయించింది, తన చెయ్యి తగలనివ్వలేదు. ఒకదాంట్లో కాచి చల్లార్చిన నీళ్ళు ఒక గరిటెడు. రెండోదాంట్లో, రాత్రి డ్యూటీవాళ్ళు కడిగిన ట్యాంకు అడుగున మిగిలిన నీళ్ళు అంతే గరిటెడు. రెండింటినీ వెచ్చటి పెట్టెలో పెట్టి, తాళం వేసి, తాళంచెవి తీసుకెళ్ళి మైకక్క చేతిలో పెట్టింది.

“నా చేతికెందుకే?” అంది మైకక్క.

“నీ చేతిలో ఉంటే అందరికీ తెలుస్తుందక్కా. నీ అంత నమ్మకస్తురాలు ఇంకెవరున్నారు?”

హాల్లో ఎవరో కిసుక్కున నవ్వారు. మైకక్క మొహం గంటు పెట్టుకుని తాళంచెవి కొంగున ముడేసుకుంది. ఆ ఆరుగంటలూ హాలంతా ఒక కన్ను పెట్టె మీద వేసే పనిచేసింది. తోడమ్మ క్రేట్లు కడుగుతూ ఉండిపోయింది. ఒకవేళ రెండూ తోడుకుంటే? ఒకవేళ రెండూ తోడుకోకపోతే? అప్పుడింక జన్మంతా క్రేట్లే. పదకొండేళ్ళ పేరు రెండు సీసాల్లో పోసి పెట్టెలో పెట్టాను కదరా దేవుడా అనుకుంది.

డ్యూటీ దిగే గంటకి ఆఫీసరే దిగొచ్చాడు. “ఏంటీ తమాషా? సర్టిఫికెట్ తెచ్చావా లేదా?”

“తెచ్చాను సార్. ముందు ఇది చూడండి. అక్కా, తాళం తియ్యి.”

మైకక్క తాళం తీసింది. తోడమ్మ మొదటి సీసా తీసి బల్ల మీదున్న పళ్ళెంలోకి బోర్లించింది. చుక్క రాలలేదు. గడ్డపెరుగు సీసాకి కరుచుకుని కూర్చుంది. నలభై గొంతులు “ఆఁ” అన్నాయి. రెండో సీసా వంచీ వంచకుండానే భళుక్కున పాలు దూకి, పళ్ళెం దాటి, ఆఫీసరు బూట్ల మీద పడ్డాయి. కావాలని చెయ్యలేదని తోడమ్మ తర్వాత ఒట్టేసి మరీ చెప్పింది. ఎవరూ నమ్మలేదు.

పట్టీ ముంచితే మొదటిది నాలుగున్నర, రెండోది ఆరున్నర. “తోడు తప్పు కాదు సార్, పాలు తప్పు కాదు, కడిగినవాళ్ళ తప్పు కూడా కాదు. ఒక్కసారి నీళ్ళు కొడితే చాలని మీరు అంటించిన కాగితం చూసే వాళ్ళు కడిగారు. మిగిలిన మందు నా క్రిముల్ని చంపింది.” సర్టిఫికెట్ మడత విప్పింది. “మరి నాకేమైందో కూడా చెప్తాను. ఇన్నాళ్ళూ మీరంతా గుసగుసగా అనుకుంటున్నారు కదా, నేను గట్టిగా చెప్తాను. నా యోనిలో కూడా ఇలాంటి మంచి క్రిములే ఉంటాయట. శుభ్రం శుభ్రమని మందునీళ్ళు పోసి పోసి వాటిని చంపుకున్నాను. అందుకే వాసన, అందుకే దురద. మీకెవరికీ అంటుకోదు. వారం మాత్రలకి పోతుంది.”

మైకక్క నోటికి చెయ్యి అడ్డం పెట్టుకుంది. ఆఫీసరు తేలు కుట్టిన దొంగలా అటూ ఇటూ చూశాడు. “సరేనమ్మా, అవన్నీ ఇక్కడెందుకు. రేపట్నుంచే తోడు గదిలోకి వెళ్ళు,” అని వెనక్కి తిరిగాడు.

వెళ్ళొచ్చు. గది దొరికింది, ఇంకేం కావాలి? కళ్ళు దించుకుని “థాంక్స్ సార్” అనడం ఆవిడకి అలవాటైన పనే. కాని తోడమ్మ కదల్లేదు.

“మూడుసార్లు నీళ్ళు కొట్టాలని కొత్త కాగితం అంటించండి సార్. ఇంకోటి. నేను శుభ్రంగా లేనని మీరు ఇక్కడ, వీళ్ళందరి ముందూ అన్నారు. తప్పని ఇక్కడే అనండి. అన్నాక వెళ్తాను.”

ఆఫీసరు కోపంగా చూశాడు, కాని ఆయన బూట్లు పాలతో తడిసి ఉన్నాయి, బల్ల మీద రెండు సీసాలున్నాయి. పెదాలు కదిలించాడు, ఏదో గొణిగాడు.

“వినపడలేదు సార్. మిషన్లు తిరుగుతున్నాయి,” అంది తోడమ్మ.

అప్పుడు మైకక్క ముందుకొచ్చింది. గోడ మీదున్న ఎర్ర మీట ఒక్క గుద్దు గుద్దింది. ప్యాకింగ్ మిషన్లన్నీ ఒకేసారి ఆగిపోయాయి. పదేళ్ళుగా పగటిపూట ఆ హాలు అంత నిశ్శబ్దంగా ఎప్పుడూ లేదు. “ఇప్పుడు చెప్పండి సార్,” అని మైకక్క తోడమ్మ పక్కకొచ్చి నిలబడి, ఎదురుగా చూస్తూ అంది, “ఆయన తర్వాత నేనూ చెప్పుకోవాల్సింది ఉంది.”

“ఆవిడ… తోడమ్మ శుభ్రం గురించి నేనన్నది తప్పు,” అన్నాడు ఆఫీసరు. ప్రతి అక్షరం వినపడింది.

“నేనన్నదీ తప్పే,” అంది మైకక్క. మిషన్లు తిరుగుతున్నా వినపడేదది.

ఎవరూ చప్పట్లు కొట్టలేదు. మూతలు బిగించే చివరి వరసలోంచి ఒక పిల్ల, పెళ్ళై ఏడాది కూడా కానిది, చెయ్యెత్తి, ఆఫీసరు అక్కడే ఉండగా అడిగింది: “అక్కా, నాకు నెల మధ్యలో నెత్తురు పడుతోంది. ఆ డాక్టరమ్మ ఏ రోజుల్లో ఉంటారు?” వెంటనే మధ్య వరసలోంచి ఇంకొకావిడ, “పిల్లాడు పుట్టినప్పట్నుంచీ దగ్గితే ఒంటేలు చుక్కలు పడతాయి, దానికీ చూస్తారా?” అంది.

“మంగళవారం, శుక్రవారం. అన్నిటికీ చూస్తారు,” అంది తోడమ్మ. తోడు గది వైపు నాలుగడుగులు వేసి, ఆగి, వెనక్కి తిరిగింది. “సెలవు చీటీల్లో జ్వరమనీ తలనొప్పనీ రాయకండమ్మా. ఉన్నదే రాయండి. సార్ చదువుతారు.”